ఎర్ర పిన్ను, తెల్ల పిన్ను, అమ్మమ్మ గొంతు

మా ఇంట్లో 'ఇంజినీరు' అన్న మాట ఎవరైనా ఎత్తారంటే దాని వెనకాలే ఒక పని వస్తోందని అర్థం. టీవీలో బొమ్మ వచ్చి సౌండ్ రాకపోయినా, ఇన్వర్టర్ కీచుమన్నా, మిక్సీ మూలిగినా అమ్మ నోట ఒకటే మాట. "నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివించాం కదే, ఆ మాత్రం చూడలేవూ?"

నేను చదివింది ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్స్. చేస్తున్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా కాలేజీలో సగం మంది కథ ఇదే కాబట్టి ఇందులో వింతేం లేదు. సోల్డరింగ్ ఐరన్ చివరిసారి పట్టుకున్నది మూడో సంవత్సరం ల్యాబులో. కానీ విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి గడప లోపల నేను ఇప్పటికీ ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్నే. ఆ బిరుదు నిజంగా పరీక్షకు నిలబడింది మాత్రం పోయిన కార్తీకమాసంలో, ఒక క్యాసెట్ దగ్గర.

మా అమ్మమ్మ అంతకు ముందు ఏడాది కార్తీకంలో పోయింది. సంవత్సరీకం దగ్గర పడుతుందనగా అవనిగడ్డలో మావయ్య ఆవిడ ట్రంకు పెట్టె సర్దుతుంటే చీరల మడతల్లో ఒక క్యాసెట్ దొరికింది. డబ్బా మీద మావయ్య చేతిరాతే, బాల్‌పెన్నుతో: 'అమ్మ, 96 నవంబర్'. ఆయనే రాసి ఆయనే మర్చిపోయాడు.

"1996లో కోనసీమలో తుఫాను వచ్చిందే, అప్పటిది" అన్నాడు ఫోన్లో. "ఆ వార్తలు విని మీ అమ్మమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు తనంతట తనే మన ఉప్పెన సంగతి మొదలెట్టింది. నా దగ్గర టూ-ఇన్-వన్ ఉండేది కదా, గబగబా పాటల క్యాసెట్ తిరగేసి నొక్కేశాను."

'మన ఉప్పెన' అంటే దివిసీమ వాళ్లకి వేరే వివరం అక్కర్లేదు. 1977 నవంబర్ 19, శనివారం. సముద్రం ఊళ్ల మీదికి వచ్చిన రోజు. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. నాగాయలంక అవతల, సముద్రానికి దగ్గర్లో ఉండేది మా అమ్మమ్మగారి ఊరు. అప్పటికి మావయ్యకి తొమ్మిదేళ్లు, అమ్మకి అయిదు. ఆ రోజు గురించి అమ్మమ్మ మాతో ఎప్పుడూ మాట్లాడలేదు. అడిగితే, "పోనీలే అమ్మా, అన్నం తిను" అనేది. అలాంటి మనిషి ఒక్కసారి మాత్రం, నేను పుట్టడానికి ఏడాది ముందు, మాట్లాడింది. అది ఆ క్యాసెట్‌లో ఉంది.

బస్సులో వస్తున్న బంధువుల చేత మావయ్య క్యాసెట్ పంపించాడు. చల్లపల్లి, పామర్రు, ఉయ్యూరు మీదుగా అది మా ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిదైంది. అమ్మ దాన్ని రెండు చేతుల్తో అందుకుని దేవుడి గూట్లో పెట్టింది. నా వైపు తిరిగి, "సంవత్సరీకానికి పన్నెండు రోజులుంది. అందరూ వింటారు. నీదే బాధ్యత" అంది.

అక్కడ మొదలైంది.

*

మావయ్య టూ-ఇన్-వన్ ఎప్పుడో పాతసామాన్ల వాడికి వెళ్లిపోయింది. మా ఇంట్లో అటక మీద నాన్న క్యాసెట్ డెక్కు ఒకటుంది. పెళ్లయిన కొత్తలో కొన్నది. దానికి సొంత స్పీకర్లు ఉండవు. పక్కన ఆంప్లిఫయర్ ఉండాలి. ఆ ఆంప్లిఫయర్ నా చిన్నప్పుడే కాలిపోయింది. డెక్కు ముందు భాగంలో హెడ్‌ఫోన్ బొక్క ఉంది గానీ అదీ పనిచెయ్యదు. కిందికి దించి, దుమ్ము దులిపి, స్విచ్ వేస్తే లైటు వెలిగింది. ప్లే నొక్కితే మాత్రం చక్రాలు తిరగలేదు. మూత తీసి చూస్తే లోపలి రబ్బరు బెల్టు కరిగి, తారులాగా కప్పీకి అంటుకుపోయి ఉంది. గవర్నర్‌పేటలో ఒక పాత రిపేరు షాపాయన దాన్ని గీకి, కొత్త బెల్టు వేసి, హెడ్డు స్పిరిట్‌తో తుడిచిచ్చాడు. "క్యాసెట్లు బాగుచేసేవాళ్లలో మిగిలింది మేం ఇద్దరమో ముగ్గురమో" అన్నాడు, నాలుగొందలు తీసుకుంటూ.

ఇక మిగిలింది వైర్లే కదా అనుకున్నాను. ఈ 'వైర్లే కదా' అన్న మాట ఎవరైనా అంటే ఇప్పుడు నేను వెంటనే వాళ్ల చెయ్యి పట్టుకుని ఆపుతాను.

మా ఇంట్లో వైర్లకి ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. డీవీడీ ప్లేయర్ కాలం నాటి ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులు. ఏ ఫోనుదో తెలియని చార్జర్లు. కారులో పాటలకి వాడిన రెండు వైపులా ఒకేలా ఉండే సన్న పిన్ను వైరు. ఒకటి పట్టుకు లాగితే పది లేస్తాయి. ఆ డబ్బాని నాన్న ఎప్పుడూ పారెయ్యనివ్వడు. "వైరు పారేసిన వారానికే దాని అవసరం వస్తుంది" అనేది ఆయన సిద్ధాంతం.

ఈ పిన్నులకీ ఒక చరిత్ర ఉంది. ఎరుపు, తెలుపు గుండ్రటి పిన్నుల్ని ఆర్‌సీఏ పిన్నులంటాం. ఆ పేరు అమెరికాలోని రేడియో కార్పొరేషన్ అనే కంపెనీది. గిటార్లకీ మిక్సర్లకీ పెట్టే లావు పిన్ను, 6.35 మిల్లీమీటర్లది, ఇంకా పాతది. పంతొమ్మిదో శతాబ్దంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఒక లైను నుంచి ఇంకో లైనుకి కలపడానికి ఆపరేటర్లు గుచ్చిన పిన్ను అది. దాని చిన్న చెల్లెలే మన ఇయర్‌ఫోన్ల 3.5 మిల్లీమీటర్ల పిన్ను. పాత టేప్ రికార్డర్లకి వెనకాల అయిదు కాళ్ల గుండ్రటి సాకెట్ ఉండేది చూడండి, అది జర్మనీ ప్రమాణాల సంస్థ పేరుతో వచ్చిన డిన్ పిన్ను. 2016లో ఐఫోన్ 7 వచ్చి ఇయర్‌ఫోన్ బొక్కనే మూసేసింది. ఎవరి దేశం, ఎవరి కాలం, ఎవరి అవసరం వాళ్లది. ఆ తేడాలన్నీ చివరికి వచ్చి చేరింది మన బిస్కెట్ల డబ్బాలోకి.

మొదటి ప్రయత్నం సులువైనదే. డెక్కు వెనక ఎర్ర పిన్ను, తెల్ల పిన్ను. రెండో చివర సన్న పిన్ను. దాన్ని ల్యాప్‌టాప్‌కి ఉన్న ఒకే ఒక్క బొక్కలో పెట్టాను. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి రికార్డు నొక్కాను. అమ్మమ్మ వైపు ఎక్కడ దెబ్బతింటుందోనని ముందు పాటల వైపే పెట్టాను. స్క్రీన్ మీద గీత నిటారుగా, ఆస్పత్రిలో మనిషి పోయాక వచ్చే గీతలా సాగింది.

కారణం తర్వాత తట్టింది. పాత కంప్యూటర్లకి వెనకాల మూడు రంగుల బొక్కలుండేవి. ఒకటి వినిపించడానికి, ఒకటి మైకుకి, ఒకటి బయటి నుంచి పాటలు తీసుకోవడానికి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లో అన్నిటికీ కలిపి ఒకటే. ఆ బొక్కలో పట్టే పిన్నుకి నాలుగు పట్టీలుంటాయి. ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి, ఎర్తుకొకటి, మైకుకొకటి. నా వైరుకి ఉన్నవి మూడే. ల్యాప్‌టాప్ నేనేదో ఇయర్‌ఫోన్లు పెట్టాననుకుని డెక్కుకి పాట వినిపించడానికి సిద్ధపడింది. ఇద్దరూ చెప్పేవాళ్లే, వినేవాళ్లు లేరు.

రెండో ప్రయత్నంగా మైకునీ ఇయర్‌ఫోన్‌నీ విడదీసే చిన్న కేబుల్ కొన్నాను. ఈసారి సౌండ్ వచ్చింది. కానీ బాలు గొంతు బొంగురుపోయి, పగిలిపోయి, లారీ హారన్‌లో పాడినట్టుగా ఉంది. మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టుల కరెంటు. ల్యాప్‌టాప్ ఆ పిసరంత కోసమే చెవి రిక్కించుకుని కూర్చుంటుంది. డెక్కు నుంచి వచ్చేది సుమారు 300 మిల్లీవోల్టులు. డెల్టా వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, పంట బోదెలోకి బందరు కాలవ తిప్పినట్టు. గట్లు తెగకుండా ఎలా ఉంటాయి?

అమ్మ ఈ రెండు రోజులూ నా గది గుమ్మం దగ్గరే తిరుగుతోంది. ఏం అడగదు. కాఫీ పెట్టి వెళ్తుంది. ఖాళీ గ్లాసు కోసం మళ్లీ వస్తుంది. తర్వాత ఊరికే వస్తుంది.

*

పటమటలో ఉండే నా ఫ్రెండ్ ఒకడు యూట్యూబ్‌లో కథలు చదువుతాడు. వాడి దగ్గర ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంది. మైకులు, వాయిద్యాలు కలిపే చిన్న పెట్టె. యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కి తగిలించొచ్చు. సౌండ్ ఎంత తీసుకోవాలో తిప్పుకోవడానికి మీటలుంటాయి. వాడు ప్రేమగా ఇచ్చాడు. దాని బొక్కలు లావు పిన్నువి. నా దగ్గరున్నది సన్న పిన్ను. గవర్నర్‌పేట వెళ్లి సన్నదాన్ని లావు చేసే అడాప్టర్ తెచ్చాను. చిన్న ఇత్తడి ముక్క, యాభై రూపాయలు. సన్న పిన్నుకి తొడిగి పెట్టెకి ఉన్న మొదటి బొక్కలో నొక్కితే టక్కుమని కూర్చుంది. పిన్ను సరిగ్గా పట్టిందంటే కనెక్షన్ సరిగ్గా ఉన్నట్టే అని నా మనసు తీర్మానించేసుకుంది.

ఆ రాత్రి అమ్మ, నాన్న, నేను ముగ్గురం కూర్చున్నాం. ముందు పాటల వైపు. వయొలిన్లు వచ్చాయి. కోరస్ వచ్చింది. ఎక్కడో బావిలోంచి తబలా. పాట మాత్రం మొదలవ్వడం లేదు.

"ఇందులో బాలు ఏడే?" అంది అమ్మ.

నిజమే. బాలు లేడు. ఆయన పాడాల్సిన చోట ఖాళీ. వెనకాల వాయిద్యాలు మాత్రం వాయించుకుంటూ పోతున్నాయి. టేపు పాతబడి అరిగిపోయిందేమోలే అన్నాను. అంటే అన్నాను గానీ, అరిగిన టేపు బాలునొక్కణ్ణే వెతికి పట్టుకుని ఎలా చెరిపేస్తుందని ఆ క్షణాన ఆలోచించలేదు. ఆత్రం అలాంటిది.

క్యాసెట్ తిప్పి అమ్మమ్మ వైపు పెట్టాను. రెండు నిమిషాలు పాత పాట తాలూకు వాయిద్యాలే. టక్ మని ఒక చప్పుడు, మావయ్య రికార్డు నొక్కినచోట. ఆ తర్వాత 'స్...' అనే హోరు. అంతే. అయిదు నిమిషాలు, పది నిమిషాలు, హోరే. సముద్రం దూరం నుంచి వినిపించినట్టు. మీటర్ చివరిదాకా తిప్పాను. హోరు పెరిగిందే తప్ప మనిషి రాలేదు.

నాన్న గొంతు సవరించుకున్నాడు గానీ ఏమీ అనలేదు. అమ్మ కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. "పోనీలే. ఇరవై ఎనిమిదేళ్లయింది. ఉప్పుగాలి. ఏది మాత్రం మిగుల్తుంది?" అని లోపల్నుంచి వినిపించింది. 'పోనీలే' అన్న తీరు అచ్చం అమ్మమ్మదే.

నేను ఇంకా హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ఉన్నాను. ఆ హోరులో అప్పుడప్పుడూ ఏదో మెరుస్తోంది. 'స', 'ష', 'చ' లాంటి చిన్న చిన్న అంచులు. ఎవరో గోడ అవతల గుసగుసలాడుతున్నట్టు. అమ్మని పిలిచి వినిపించాను. హెడ్‌ఫోన్స్ రెండు చేతుల్తో చెవులకి అదుముకుని కళ్లు మూసుకుంది.

"ఎవరో ఉన్నారే ఇందులో" అంది.

*

మర్నాడు పొద్దున్నే మావయ్యకి ఫోన్ చేశాను. సంవత్సరీకానికి షామియానా, కుర్చీలు, భజనకి మైకు మాట్లాడటానికి మైక్ సెట్ ఆయన్ని పిలిపించుకుని ఉన్నాడు. నా గోడు విని, "ఉండు కోడలా, మా వాడికి చెప్పు. నలభై ఏళ్లుగా ఇదే పని" అని ఫోన్ ఆయన చేతికిచ్చాడు.

ఆయన నన్ను పిన్నుల పేర్లేం అడగలేదు. ఒకటే అడిగాడు. "అమ్మాయిగారూ, పాటల వైపు ఎలాగుంది?"

"వాయిద్యాలు వస్తున్నాయండి. పాడే గొంతు రావట్లేదు."

"అయితే టేపు బంగారంలాగుంది. మీ పిన్నే తేడా. పెళ్లిళ్లలో కుర్రాళ్లు సెల్‌ఫోన్ తెచ్చి నా మిక్సర్లో గుచ్చుతారు కదండీ, అచ్చం ఇదే తంతు. డప్పులొస్తయ్యి, పాట రాదు. నన్నొచ్చి తిడతారు. అందులో ఎర్రది పీకెయ్యండి."

"పీకేస్తే?"

"ముందు పీకండి. తర్వాత మాట్టాడుకుందాం."

టేపు నడుస్తోంది. హోరు వస్తోంది. డెక్కు వెనక చెయ్యి పెట్టి ఎర్ర పిన్ను లాగేశాను.

"...అప్పటికి పొయ్యి మీద ఎసరు కూడా పెట్టలేదు నాయనా" అంది మా అమ్మమ్మ.

గుయ్‌మనే చప్పుడు వెనకాల ఉంది. అయినా అక్షరం అక్షరం తెలుస్తోంది. వంటింట్లో గిన్నె కిందపడింది. అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది. ఫోన్లో ఆయన, "వొచ్చిందా అండీ?" అంటున్నాడు. నాకు జవాబు చెప్పడానికి మాట రాలేదు. ఆయనకి విషయం అర్థమైనట్టుంది. "సరేనమ్మా, ఇనుకోండి" అని పెట్టేశాడు.

*

ఎందుకు అలా జరిగిందో ఆ మధ్యాహ్నం కూర్చుని కాగితం మీద గీసుకున్నాను. గీస్తుంటే సిగ్గేసింది. ఎందుకంటే అది నేను రెండో సంవత్సరంలో పరీక్ష కోసం బట్టీపట్టి రాసిన ప్రశ్న.

స్టేజీల మీదా స్టూడియోల్లోనూ మైకు వైర్లు పొడుగ్గా ఉంటాయి. దారిలో ట్యూబ్‌లైట్లు, మోటార్లు, కరెంటు తీగల గోల అంతా వాటిలోకి ఎక్కుతుంది. దాన్ని తప్పించడానికి ఒక ఉపాయం చేశారు. ఒకే శబ్దాన్ని రెండు తీగల్లో పంపుతారు. ఒకదాంట్లో మామూలుగా, ఇంకోదాంట్లో తలకిందులుగా. అవతలి పెట్టె ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేస్తుంది. తలకిందులుగా ఉన్న శబ్దం తీసివేతలో రెట్టింపు అవుతుంది. రెండు తీగల్లోకీ ఒకేలా ఎక్కిన గోల సున్నా అయిపోతుంది. దీన్నే బ్యాలెన్స్‌డ్ లైను అంటారు. ఈ తీసివేత ఎంత గట్టిగా చేస్తుందో చెప్పే కొలతకి 'కామన్ మోడ్ రిజెక్షన్ రేషియో' అని పేరు. ఫార్ములా నాకు ఇప్పటికీ వచ్చు.

ఫ్రెండు ఇచ్చిన పెట్టె అలాంటిదే. దాని లావు బొక్క మూడు పట్టీల పిన్ను కనపడగానే ఇది బ్యాలెన్స్‌డ్ లైను అనుకుంటుంది. నేను పెట్టింది కూడా మూడు పట్టీల పిన్నే. కానీ నా పిన్నులో ఉన్నవి ఎడమ స్పీకరు శబ్దం, కుడి స్పీకరు శబ్దం. చూడటానికి రెండు పిన్నులూ కవలలు. పాపం అది దాని పని అది చేసింది. ఎడమలోంచి కుడి తీసేసింది.

సినిమా పాటలో గాయకుడి గొంతుని సాధారణంగా మధ్యలో ఉంచుతారు. అంటే రెండు వైపులా సమానంగా. తీసేస్తే బాలు సున్నా. ఒక పక్కకి జరిపి ఉంచిన వయొలిన్లు, కోరస్ మిగిలాయి. ఇక మావయ్య టూ-ఇన్-వన్ ఒకే మైకున్న మోనో సెట్టు. 1963లో ఫిలిప్స్ వాళ్లు తెచ్చిన ఈ క్యాసెట్‌లో ఎడమ, కుడి జాడలు పక్కపక్కనే ఉంటాయి. మోనో సెట్టు ఆ రెండిటి మీదా కలిపి ఒకే శబ్దాన్ని రాస్తుంది. అంటే అమ్మమ్మ గొంతు రెండు వైపులా అచ్చంగా ఒకటే. ఆ పెట్టె దృష్టిలో రెండు తీగల్లోనూ ఒకేలా ఉన్నది గోల. కాబట్టి అమ్మమ్మని మొత్తంగా తీసేసి, టేపు హోరు మాత్రం జాగ్రత్తగా నాకు అప్పగించింది. రెండు యంత్రాల హెడ్డులు వెంట్రుకవాసి తేడాతో వంగి ఉండటం వల్ల సన్నటి 'స', 'ష'లు కొద్దిగా తప్పించుకున్నాయి. మేం విన్న గుసగుస అదే.

ఎర్రది పీకేస్తే తీసెయ్యడానికి రెండోది లేదు. మిగిలింది అమ్మమ్మ.

పదహారు మార్కుల ప్రశ్న అది. పద్నాలుగు వచ్చాయి కూడా. మైక్ సెట్ ఆయనకి ఆ పేరు తెలియదు. తెలియాల్సిన అవసరం లేదు. నలభై ఏళ్ల పెళ్లిళ్లలో, తిట్లు తింటూ, ఆ ఫార్ములా ఏం చేస్తుందో చెవితో నేర్చుకున్నాడు. నాకు ఫార్ములా తెలుసు, అది ఎదురుగా వచ్చి నిలబడితే గుర్తుపట్టలేకపోయాను. అమ్మ 'పోనీలే' అన్నాక ఆ క్యాసెట్ మళ్లీ ట్రంకు పెట్టెలోకే వెళ్లిపోయేది. ఆ రాత్రి నేను నమ్మింది కూడా అదే, టేపు చెరిగిపోయిందని. చెరిగింది టేపు కాదు.

సరైన మార్గం చాలా చిన్నది. ఎర్ర పిన్నుకొకటి, తెల్ల పిన్నుకొకటి, రెండు పట్టీల లావు పిన్నులు రెండు. ఒక్కోదాన్ని ఒక్కో బొక్కలో పెట్టాలి. జత నూట ఇరవై రూపాయలు. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేస్తే గుయ్‌మనే చప్పుడు కూడా పోయింది.

*

పంతొమ్మిది నిమిషాలు మాట్లాడింది అమ్మమ్మ.

నేను ఉప్పెన గురించి చదివినవాటిలో తాటిచెట్టంత ఎత్తు కెరటం ఉంటుంది, కొట్టుకుపోయిన ఊళ్లుంటాయి, అంకెలుంటాయి. అమ్మమ్మ మాటల్లో కెరటం ఒకే ఒక్క వాక్యం. మిగతాదంతా ఎసరు, తడిసిన అగ్గిపెట్టె, కట్టు విప్పని గేదె. దాన్ని విప్పలేదన్న బాధ ఆవిడకి పంతొమ్మిదేళ్ల తర్వాత కూడా తగ్గలేదు. ఇద్దరు పిల్లల్నీ తన చీరతో నడుముకి కట్టుకుని పెద్ద డాబా మెట్ల మీద రాత్రంతా నిలబడిందట. "చిన్నది ఏడవలేదు. ఏడిస్తే బావుండునని భయమేసింది" అంది. చిన్నదంటే మా అమ్మ.

తర్వాత మావయ్య ఏదో అడిగాడు. అది టేపులో సరిగా వినపడదు. దానికి జవాబుగా అమ్మమ్మ, "పడమటి చివర నుంచి చెప్తా, ఇను" అని మొదలుపెట్టింది. తమ వీధిలో ఆ రాత్రి తర్వాత కనపడని వాళ్ల పేర్లు. ఇంటి పేరు, మనిషి పేరు, వరస. అత్త, బావ, పిన్ని, పురిటికి వచ్చిన ఆడపిల్ల, పేరు పెట్టని బిడ్డ. ఏడుపు లేదు, తొందర లేదు. సరుకుల చీటీ చదివినట్టు, ఒక ఇంటి నుంచి పక్కింటికి నడుచుకుంటూ వెళ్తున్నట్టు చెప్పింది. అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. 31. మధ్యలో ఒక పేరు దగ్గర వేలు ఆగిపోయింది. అమ్మతో కలిసి గవ్వలాడిన పిల్లట. "దీని మొహం గుర్తుంది గానీ పేరు మర్చిపోయానే" అంది అమ్మ. "అమ్మ మర్చిపోలేదు."

"ఇంకా ఆ మూలింటి..." అంటుండగా టేపు అయిపోయింది. అరవై నిమిషాల క్యాసెట్ కదా. పాటలు పోను మిగిలింది అంతే. మావయ్య అప్పుడు గమనించనే లేదట.

*

ఈ పన్నెండు రోజుల్లో నేర్చుకున్నవి రెండు మూడు చెప్తాను. మీ ఇళ్లలోనూ ఇలాంటి క్యాసెట్ ఒకటి చీరల మడతల్లో ఉండొచ్చు.

క్యాసెట్‌ని నేరుగా ప్లేయర్‌లో పెట్టకండి. ముందు పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచెయ్యండి. అవి లేకపోతే పొరపాటున రికార్డు నొక్కినా దానిమీద ఏదీ ఎక్కదు. టేపు మీద తెల్లటి బూజు కనపడితే, అది తెలిసినవాళ్లకి చూపించేదాకా తిప్పొద్దు. మన డెల్టా తేమకి బూజు మామూలే. మొదటి, చివరి నిమిషం పెన్సిల్‌తో చేత్తో తిప్పి, టేపు అతుక్కోలేదని చూసుకోండి. ప్లేయర్ బెల్టు మార్పించి, హెడ్డు శుభ్రం చేయించాకే అసలు క్యాసెట్ పెట్టండి. ముందు పోయినా ఫర్వాలేని దాంతో ట్రయల్ వెయ్యండి.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు గొంతు వినపడకుండా సంగీతం మాత్రమే వినపడినా, అంతా ఖాళీగా ఉన్నా, టేపు పోయిందని వెంటనే అనుకోవద్దు. రెండు పిన్నుల్లో ఒకటి పీకి చూడండి. రికార్డయ్యాక రెండు మూడు చోట్ల దాచండి. ఒక ఫోన్లో ఉంచితే అది మళ్లీ ట్రంకు పెట్టెలో పెట్టినట్టే.

*

సంవత్సరీకం రోజు భోజనాలయ్యాక మావయ్య ఇంటి ముందు షామియానా కింద అందరం కూర్చున్నాం. మైక్ సెట్ ఆయన తన మిక్సర్ ముందు కుర్చీ నాకిచ్చి పక్కన నిలబడ్డాడు. సన్నటి మనిషి, చొక్కా జేబులో టెస్టరు. నా ఫోన్ నుంచి వచ్చే వైరుని ఆయనే తీసుకుని, ఏ బొక్కలో పెట్టాలో చూసి పెట్టాడు. "ఇప్పుడు మీకూ తెలుసు, నాకూ తెలుసు" అని నవ్వాడు.

పంతొమ్మిది నిమిషాలూ ఎవరూ కదల్లేదు. పేర్లు మొదలయ్యాక వెనక వరసలో ఒక్కొక్కరూ దగ్గరికి జరిగారు. మావయ్య ఒక కాగితం పెట్టుకుని రాసుకుంటున్నాడు. "ఇంకా ఆ మూలింటి..." దగ్గర అమ్మమ్మ ఆగిపోగానే, స్పీకర్ల పక్కన గోడకి ఆనుకుని కూర్చున్న ముసలావిడ, మాకు దూరపు చుట్టం, అదే వరసలో, అదే వేగంతో ఆ పేరు అందుకుంది. అమ్మమ్మ ఇప్పుడే పక్కకి వెళ్లి తనకి అప్పగించినట్టు. మావయ్య ఆ పేరు రాసి, పక్కన 32 వేశాడు. కాగితం ఆవిడ చేతికిస్తే చదువు రాదంది. "నువ్వు చదువు, తప్పుంటే చెప్తా" అంది.

తిరిగి విజయవాడ వచ్చాక వైర్లన్నీ చుట్టి బిస్కెట్ల డబ్బాలో పడేశాను. మర్నాడు చూస్తే అమ్మ ఆ రెండు లావు పిన్నుల వైర్లనీ విడిగా తీసి, రబ్బరు బ్యాండు వేసి, క్యాసెట్‌తో పాటు దేవుడి గూట్లో పెట్టింది. అది చూసి నాన్న ఏమీ అనలేదు గానీ, ఆ పూట కాఫీ తాగుతూ బిస్కెట్ల డబ్బా వైపు రెండుసార్లు గర్వంగా చూశాడు.